మూడో మెట్టు

మొన్న మద్దిలపాలెం జంక్షన్‌లో బస్సు కోసం నిలబడి ఉంటే ఒక తమాషా చూశాను. తెల్లచొక్కాలు, టైలు, జేబు మీద నల్లటి బ్యాడ్జీలు పెట్టుకున్న ఇద్దరు కుర్రాళ్లు తగరపువలస బస్సు ఎక్కబోయారు. జనం తోసుకుంటున్నారు. ఒకడు ఎలాగో లోపలికి దూరాడు, రెండోవాడు కింద ఉండిపోయాడు. బస్సు కదిలింది. ఎక్కినవాడు వెనక్కి తిరిగి చూసి, కదులుతున్న బస్సులోంచి కిందికి దూకేశాడు.

"ఏటి బాబూ, దొరక్క దొరక్క బస్సు దొరికితే దిగిపోతావేటి? ఆడు ఎనకాల బస్సుకొత్తాడు గదా!" అని కండక్టరు తల బయటపెట్టి కేకలేశాడు. కుర్రాడు నవ్వి చెయ్యి ఊపాడు. ఇద్దరూ మళ్లీ ఎండలో పక్కపక్కన నిలబడ్డారు.

నా పక్కనున్నావిడ "ఇదేం పిచ్చమ్మా" అంది. నాకు పిచ్చిగా అనిపించలేదు. ఒకరిని విడిచి ఒకరు ఉండకూడదన్నది వాళ్ల నియమమని నాకు తెలుసు. ఆ దూకినవాడిని చూడగానే ఇన్నేళ్ల తర్వాత మా మేడమీద పెద్దబాబు కళ్లముందుకొచ్చి నిలబడ్డాడు. ఇంటికొచ్చి అన్నం తిన్నా, మధ్యాహ్నం నడుం వాల్చినా వాడు పోలేదు. అందుకే ఇది రాస్తున్నాను.

మాది తణుకు దగ్గర పల్లెటూరు. మావారికి ఇక్కడ పోర్టులో క్రేన్ల మీద ఉద్యోగం వస్తే వచ్చి, మద్దిలపాలెం వెనక సందులో ఇల్లు కట్టుకుని ఉండిపోయాం. రెండువేల సంవత్సరం దాటిన కొత్తల్లో, ఆయన రిటైరైన ఏడాది, మేడమీద వాటా ఖాళీ అయింది. ఎవరో చెబితే ఇలాంటి కుర్రాళ్లే ఇద్దరు చూడడానికి వచ్చారు. వీళ్లని మోర్మన్లంటారు, క్రైస్తవుల్లోనే ఒక శాఖ. పందొమ్మిది, ఇరవై ఏళ్లు రాగానే మగపిల్లలు ఇల్లూ వాకిలీ వదిలి, ఎక్కడికి పంపితే అక్కడికి వెళ్లి, రెండేళ్లపాటు తమ మతం గురించి ఊరంతా చెప్పుకుంటూ తిరుగుతారు. జీతం ఉండదు. సినిమా లేదు, టీవీ లేదు, ఆడపిల్లల ఊసు లేదు. ఇంటికి ఫోను కూడా ఏడాదికి రెండుసార్లే. కొన్నాళ్లు ఉండగానే మరో ఊరికి మార్చేస్తారు, వీళ్ల చోటికి వేరేవాళ్లు వస్తారు.

వచ్చిన ఇద్దరిలో ఒకడు సన్నటి తమిళ అబ్బాయి. రెండోవాడు లోపలికి రావడానికి తల వంచాల్సి వచ్చింది. మా గుమ్మం నిండిపోయింది. అమెరికావాడేమో అనుకున్నాను. కాదు, పసిఫిక్ సముద్రంలో ఏదో దీవి. మ్యాపులో చూపించాడు గానీ నా కళ్లజోడుకి ఆ దీవి ఆనలేదు. జుట్టు ఉంగరాలు, ఛాయ మన చేపలోళ్ల ఛాయే, చేతులు రోలు ఎత్తేసేలా ఉన్నాయి. బ్యాడ్జీ మీద 'ఎల్డర్' అని ఉంది. మావారు దాన్ని చదివి, "మీసం సరిగా రాలేదు, అప్పుడే పెద్దమనిషట" అన్నారు. వాడు పళ్లన్నీ కనబడేలా నవ్వాడు. అప్పటి నుంచి వాడు మాకు పెద్దబాబు అయిపోయాడు.

మావారి సంగతి చెప్పాలి. ఆయనకి ఏ దేవుడితోనూ పడదు. వినాయక చవితి చందాకి వచ్చినవాళ్లనీ, ప్రార్థనకి పిలవడానికి వచ్చినవాళ్లనీ, దర్గా ఉరుసు అని వచ్చినవాళ్లనీ ఒకే తిట్టుతో పంపేవారు. ఆ విషయంలో పక్షపాతం లేదు. నా పూజ వంటింటి మూల, ఆయనకి కనబడకుండా సాగేది. అలాంటి మనిషి వీళ్లకి ఇల్లివ్వడానికి ఒప్పుకోవడమే వింత. ఒప్పుకుంటూ ఒక షరతు పెట్టారు. బయటి నుంచి పైకి వెళ్లే సిమెంటు మెట్లు చూపించి, "ఇదిగో, కింది రెండు మెట్లూ మావి. మా ఆవిడ బకెట్లు, కుండీలు పెట్టుకుంటుంది. మూడో మెట్టు నుంచి మీ రాజ్యం. అక్కడ మీ ఇష్టం. మూడో మెట్టు దిగారంటే మాత్రం నా ఇంట్లో దేవుడి మాట ఎత్తకూడదు. మాటిస్తావా?" అన్నారు.

తమిళ అబ్బాయి ఇంగ్లీషులో సరేనన్నాడు. పెద్దబాబు ఆ మెట్లకేసి శ్రద్ధగా చూసి, చెయ్యి చాపి, "మాటిస్తన్నాను అంకుల్" అన్నాడు.

అవును, 'ఇస్తన్నాను'. వాడి తెలుగు అలాగే ఉండేది. అంతకుముందు కొన్ని నెలలు భీమిలి వైపు ఉన్నాడట. పాతికేళ్లు ఈ ఊళ్లో ఉండి మాకు రాని యాస వాడికి వచ్చేసింది.

మా ఇంట్లో గడప తొక్కినవాళ్లకి టీ ఇవ్వకుండా పంపే అలవాటు లేదు. చేరిన మర్నాడే టీ ఇస్తే వాడు రెండు చేతులూ జోడించాడు. నాకు మనసు చివుక్కుమంది. "ఏం బాబూ, మా ఇంట్లో తాగవా?" అన్నాను. "ఒక్క నిమిషం ఆంటీ" అని లేచి బయటికి వెళ్లాడు. వెనకే తమిళ అబ్బాయీ వెళ్లాడు. ఇద్దరూ మూడో మెట్టెక్కి నిలబడ్డారు. అక్కడి నుంచి పెద్దబాబు గట్టిగా, "టీ, కాఫీ తాగొద్దని మా దేవుడి మాట ఆంటీ. మీ ఇంట్లో అని కాదు, ఎక్కడా తాగం" అన్నాడు. మళ్లీ దిగి వచ్చి, కుర్చీలో కూర్చుని, "మజ్జిగుందా ఆంటీ?" అన్నాడు.

పేపరు వెనక నుంచి మావారు నవ్వడం వినబడింది. ఆయన అంత పెద్దగా నవ్వి చాలాకాలమైంది.

ఇంక ఆయనకి అదొక ఆట అయిపోయింది. సాయంత్రం వీళ్లు అలిసిపోయి వస్తే పిలిచి కూర్చోబెట్టేవారు. "ఒరేయ్, మీ దేవుడికి నిజంగా చెవులున్నాయంటావా?" అని కెలికేవారు. వాడికి నోరు దురద పెట్టినట్టే ఉండేది. పొద్దున్నుంచీ ద్వారకానగర్ సందులన్నీ తిరిగి, తలుపులు ముఖాన వేయించుకుని వచ్చినవాడు. ఇక్కడ ఒక పెద్దాయన కోరి మరీ అడుగుతున్నాడు. వాడు మాత్రం మెట్లకేసి చూసి, "ఎక్కమంటారా అంకుల్?" అనేవాడు. "వద్దులే, కూర్చో" అనేవారు ఈయన. ఎన్నిసార్లు ఎన్ని రకాలుగా అడిగినా వాడు ఒక్కసారీ జారలేదు. నేనైతే ఎప్పుడో జారేదాన్ని.

వాళ్ల సోమవారాలు నాకు ఇష్టం. ఆ రోజు వాళ్లకి బట్టలు ఉతుక్కునే రోజు. మేడమీద తీగ నిండా తెల్లచొక్కాలు. పోర్టు వైపు గాలి తిరిగితే నల్లదుమ్ము వచ్చి పడేది, మళ్లీ ఉతికేవారు. ఈ ఉక్కపోతలో గుండీలు మెడదాకా పెట్టుకుని, పైన ఆ టై ఒకటి. ఒకసారి తమిళ అబ్బాయికి పచ్చకామెర్లు వచ్చాయి. మంచం దిగే ఓపిక లేదు. పెద్దబాబు నిక్షేపంగా ఉన్నాడు కదా, వాడైనా బయటికి వెళ్తాడనుకున్నాను. వెళ్లలేదు. ఆ అబ్బాయికి తగ్గేదాకా గేటు దాటలేదు. నేను పథ్యం వండి ఇస్తే వచ్చి పట్టుకెళ్లేవాడు, అదీ మెట్ల మధ్యలోనే ఆగి, పైన తలుపు కనబడుతోందా అని చూసుకుంటూ. అంత మనిషి అన్నాళ్లు గదిలో ఎలా ఉండగలిగాడో నాకిప్పటికీ తెలియదు.

మా ఇంటికి జాలరిపేట నుంచి పోలమ్మ చేపలు తెచ్చేది. గంప రెండో మెట్టు మీద దించి కూర్చునేది. మొదటిసారి వాడిని చూసి, చెయ్యి పట్టుకుని అరచెయ్యి తిప్పి చూసింది. "అమ్మగోరూ, ఈ బాబు మావోడే. తాడు లాగిన సెయ్యి ఇది, సూడండి" అంది. నిజమే, వాళ్ల నాన్న ఆ దీవిలో చేపలు పడతాడట. పోలమ్మకి వాడు కొడుకైపోయాడు. ఒక సోమవారం ఇద్దరినీ జాలరిపేట తీసుకెళ్లింది. మర్నాడు వచ్చి బుగ్గ నొక్కుకుంటూ చెప్పింది.

"ఒడ్డు నుంచి వల లాగుతుంటే వచ్చి తాడట్టుకున్నాడమ్మా. నలుగురు మొగోళ్ల లాగుడు ఆడిదొక్కడిదే. అలొచ్చి మా కాళ్లు తడుపుతుంటే ఈడు మాత్తరం ఎనక్కి ఎనక్కి జరుగుతన్నాడు. పొడి ఇసక దాటలేదు. నీట్లోకి రా బాబూ అంటే రాడు. కళ్లు సూత్తే సంద్రంలోనే ఉన్నాయి. ఏటమ్మా ఈడికి, నీటిగండవేటైనా ఉందా?"

నేను వాడినే అడిగాను. వాడు మామూలుగానే మూడో మెట్టెక్కాడు. ఈ రెండేళ్లూ ఈతకి దిగకూడదట. దిగనని మాటిచ్చి వచ్చాడట. సముద్రంలో పుట్టినట్టు పెరిగిన పిల్లవాడు, సముద్రం పక్కనే ఇల్లు, కాలు తడవకూడదట! నాకు ఒళ్లు మండింది. "పోలమ్మ చెబుతుందా, నేను చెబుతానా? ఒక్కసారి మునిగి వస్తే ఎవరు చూడొచ్చారు నాయనా?" అన్నాను.

"నాను సూత్తాను గదా ఆంటీ" అన్నాడు.

ఏమీ గొప్పగా అనలేదు. పప్పులో ఉప్పు సరిపోయిందా అంటే చెప్పినట్టు చెప్పాడు. నా వయసులో సగం కూడా లేనివాడి ముందు చీర కొంగు సర్దుకుని నిలబడ్డాను.

ఆ చలికాలంలో మావారికి గుండెలో నొప్పి వచ్చింది. ఆస్పత్రిలో అన్ని పరీక్షలూ చేసి, రక్తనాళాలు పూడుకుపోయాయి, ఆపరేషన్ చేయాల్సిందే, ఎంత త్వరగా చేస్తే అంత మంచిది అన్నారు. ఈయన ససేమిరా అన్నారు. ఆయన అన్నగారు ఇలాగే బల్ల మీద పడుకుని లేవలేదు. "చస్తే నా మంచం మీద చస్తాను. రొమ్ము కోయించుకోను" అని భీష్మించుకున్నారు. నేను బతిమాలాను, ఏడ్చాను, అన్నం మానేశాను. మా అమ్మాయి తాడేపల్లిగూడెం నుంచి వచ్చి బతిమాలింది. పోర్టు స్నేహితులు వచ్చి చెప్పారు. ఆయన గోడకేసి తిరిగి పడుకునేవారు. నాలుగు అడుగులు వేస్తే రొప్పు. భయంతో ఉన్నారని నాకు తెలుసు, ఆయన చచ్చినా ఒప్పుకోరనీ తెలుసు.

చివరికి పెద్దబాబుని పట్టుకున్నాను. "నీ మాటంటే ఆయనకి ఇష్టం. కాస్త ధైర్యం చెప్పు బాబూ" అన్నాను.

వాడు తల అడ్డంగా ఊపాడు. "నాకు తెలిసిన ధైర్యమంతా మా దేవుడి మాటేనండి ఆంటీ. అది లేకండా చెప్తే అబద్ధం చెప్పినట్టు. అది చెప్తే అంకుల్‌కిచ్చిన మాట పోద్ది."

"ప్రాణం కంటే ఎక్కువా ఆ మాట?" అని అరిచేశాను.

వాడి కళ్లలో నీళ్లు తిరిగాయి. లోపలికి వెళ్లి, మావారి మంచం చివర నేల మీద కూర్చుని, ఆయన పాదాలు ఒళ్లోకి తీసుకుని ఒత్తడం మొదలుపెట్టాడు. తమిళ అబ్బాయి గోడకి ఆనుకుని కూర్చున్నాడు. ఆ రోజు నుంచి సాయంత్రమయ్యేసరికి ఇదే. దేవుడి మాట లేదు, ఆపరేషన్ మాట లేదు. వాళ్ల నాన్న పడవ గురించి చెప్పేవాడు. చిన్నప్పుడు రొయ్యల బుట్టలో నిద్రపోతే ఊరంతా వెతికిన సంగతి చెప్పేవాడు. మావారు వినీ విననట్టు ఉండేవారు. కాళ్లు మాత్రం వెనక్కి తీసుకునేవారు కాదు.

ఒక ఉదయం నేను ముగ్గు వేద్దామని బయటికి వచ్చాను. మంచం మీద ఉండాల్సిన మనిషి మెట్ల మీద ఉన్నారు. నా కుండీలు పక్కకి జరిపి, రెండు మెట్లూ ఎక్కి, మూడో మెట్టు మీద కూర్చున్నారు. గోడ పట్టుకుని రొప్పుతున్నారు. నేను పరిగెత్తబోతే చెయ్యెత్తి ఆపారు.

"ఒరేయ్" అని పైకి పిలిచారు.

పెద్దబాబు బనీనుతో, నోట్లో పళ్లు తోముకునే బ్రష్షుతో బయటికి వచ్చి కొయ్యబారిపోయాడు.

"చూడరా, ఎక్కడ కూర్చున్నానో. ఇది నీ రాజ్యమే. రోజంతా ఊళ్లోవాళ్లకి చెబుతావు కదా, అదేదో నాకూ చెప్పు" అన్నారు. కాస్త ఆగి, నేను వినకూడదనేమో గొంతు తగ్గించి, "భయంగా ఉందిరా" అన్నారు.

నలభై ఏళ్ల కాపురంలో ఆయన నోట ఆ మాట నేను వినలేదు. ముగ్గుగిన్నె పట్టుకుని అలాగే ఉండిపోయాను.

వాడు లోపలికి పరిగెత్తాడు. ఇద్దరూ తెల్లచొక్కాలు వేసుకుని, టైలు కట్టుకుని, బ్యాడ్జీలు పెట్టుకుని వచ్చారు. అంత తొందరలోనూ బనీనుతో ప్రార్థన చేయలేదు. తాళంచెవుల గుత్తికి వేలాడే బుల్లి సీసా మూత తీసి, తమిళ అబ్బాయి జబ్బు మనిషికి పెట్టే ప్రార్థన నూనె ఒక చుక్క మావారి బట్టతల మీద రాశాడు. ఇద్దరూ ఆయన తల మీద చేతులు పెట్టారు. పెద్దబాబు మాట్లాడాడు. తెలుగు కాదు, ఇంగ్లీషూ కాదు, వాళ్ల దీవి భాష. నాకు అందులో మావారి పేరు ఒక్కటే అర్థమైంది. చెరుకు రసంలా ఉంది గొంతు. పాలవాడు గేటు దగ్గర సైకిలు ఆపి, చెప్పులు విప్పి నిలబడ్డాడు. మావారు కళ్లు మూసుకున్నారు. ఏ గుడిలోనూ దండం పెట్టని మనిషి, చేతులు మోకాళ్ల మీద బోర్లించి, బడిపిల్లాడిలా కూర్చున్నారు. వాళ్ల దేవుడో, మా దేవుడో, ఎవరు వచ్చి అక్కడ నిలబడ్డారో నాకు తెలియదు గానీ మా సందులో ఎవరో ఉన్నారనిపించింది.

అయిపోయాక మావారు కళ్లు తెరిచి, "ఏం అడిగావురా?" అన్నారు.

"డాక్టరు గోరి సేతులు వణక్కూడదని అడిగాను అంకుల్" అన్నాడు.

మావారు పకపకా నవ్వారు. నవ్వి, రొప్పి, వాడి భుజం పట్టుకుని మెట్లు దిగారు. "ఏమే, ఆస్పత్రికి ఫోను చెయ్యి" అన్నారు నాతో.

ఆపరేషన్ బాగా జరిగింది. డాక్టరు గారి చేతులు వణకలేదు. కానీ ఈయన ఇంకా ఆస్పత్రిలో ఉండగానే పెద్దబాబుకీ తమిళ అబ్బాయికీ వేరే ఊళ్లకి మార్పు వచ్చింది. వాళ్లలో ఒక్కరోజు ఆలస్యం కూడా కుదరదు. ఇద్దరూ ఆస్పత్రికి వచ్చారు గానీ లోపలికి వెళ్లనివ్వలేదు. వరండాలో పెద్దబాబు నా పాదాలకి దండం పెట్టాడు. ఎవరు నేర్పారో. "అంకుల్‌కి నాను ఎల్తన్నానని చెప్పండి" అని, రుమాలుతో ముఖం తుడుచుకుంటూ వెళ్లిపోయాడు. పోలమ్మ ఆ వారమంతా మా ఇంటి ముందు గంప దించినప్పుడల్లా మేడకేసి చూసి ముక్కు చీదింది.

ఈయన ఇంటికి వచ్చేసరికి మేడమీద కొత్త జంట ఉంది. ఒకడు తెల్లగా పాలిపోయినట్టున్న అమెరికా అబ్బాయి, మరొకడు ఎవరో. పెద్దబాబు ఏడని అడిగి, వెళ్లిపోయాడని తెలిసి ఈయన గోడకేసి తిరిగి పడుకున్నారు. సాయంత్రం అమెరికా అబ్బాయి మూడో మెట్టు దాకా దిగి, అక్కడే ఆగి, "అంకుల్, మీ కోసం ప్రార్థన చేశాం" అని ఇంగ్లీషులో చెప్పాడు. తర్వాత దిగి వచ్చి, ఇంక ఆ ఊసే లేకుండా కబుర్లు చెప్పాడు. వెళ్లేముందు పెద్దబాబు ఇల్లు అప్పగిస్తూ మెట్టు సంగతి కూడా అప్పగించి వెళ్లాడన్నమాట.

"ఇంకా ఎందుకండీ ఆ షరతు? తీసేయండి" అన్నాను నేను.

"ఉండనీ. నాకు కావాలంటే నేనే ఎక్కుతాను" అన్నారు. ఎక్కడం నేను చూడలేదు. సాయంత్రాలు మాత్రం కుర్చీ మెట్లు కనబడేలా వేసుకునేవారు.

తర్వాత ఎన్ని జంటలు మారాయో నేను లెక్కపెట్టలేదు. ఎవరెవరో, ఏ దేశాలవాళ్లో. ఒక జంట ఇంకో జంటకి ఇంటి తాళాలతో పాటు ఆ మాట కూడా ఇచ్చి వెళ్లింది. వాళ్లలో చాలామంది పెద్దబాబుని చూడనైనా చూడలేదు. ఎందుకు ఆగాలో కూడా కొందరికి తెలియదు. ఆగేవారు.

ఆపరేషన్ తర్వాత మావారు చాలా ఏళ్లే బతికారు. మనవరాలి అన్నప్రాశన చూశారు. ఒక రోజు మధ్యాహ్నం భోంచేసి, పేపరు చదువుతూ, ఆ కుర్చీలోనే వెళ్లిపోయారు. తన ఇష్టప్రకారమే, తన ఇంట్లోనే.

ఇల్లంతా జనం. ఏడుపులు, ఫోన్లు, అమ్మాయి ఎక్కడిదాకా వచ్చిందో అన్న కంగారు. నేను వాకిట్లోకి వచ్చి చూస్తే అప్పటి జంట, ఊరికి వచ్చి నెల కూడా కాని పిల్లలు, మెట్ల మీద నిలబడి ఉన్నారు. తెల్లచొక్కాలు, టైలు. ఏడుపుతో ఒకడి ముక్కు ఎర్రబడింది. లోపలికి రమ్మని ఎవరో పిలుస్తున్నారు. వాళ్లు రావడం లేదు. మూడో మెట్టు మీదే, పక్కపక్కన, తలలు వంచుకుని నిలబడ్డారు. వాళ్ల పెదాలు కదులుతున్నాయి.

మాట తీసుకున్న మనిషి చాప మీద పడుకుని ఉన్నాడు. మాట ఇచ్చినవాడు ఏ సముద్రం ఒడ్డున ఉన్నాడో తెలియదు. ఆ మాట మాత్రం మా వాకిట్లో నిలబడి ఉంది.

దిగి రండి నాయనా, ఇంక ఫర్వాలేదు అందామని నోరు తెరిచాను. అనలేకపోయాను. కుండీలు పక్కకి జరిపి, కొంగు నడుముకి చుట్టుకుని, ఒక్కొక్క మెట్టే ఎక్కి, వాళ్ల పక్కన మూడో మెట్టు మీద కూర్చున్నాను.